నెత్తిన సీసాతో వచ్చిన అవ్వ

మా పక్కింటాయనకు మూత్రపిండంలో రాయి ఉందని తేలింది. మొన్న పరీక్షల సెంటరు వాళ్లు ఆయన చేతికో ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, ఒక రోజు మూత్రమంతా అందులో పట్టి తెమ్మన్నారు. ఆయన ఆ డబ్బాను ముందు పేపర్లో చుట్టాడు. తర్వాత నల్ల కవర్లో పెట్టాడు. ఆ కవర్ని కూరగాయల సంచిలోకి దోపి, పైన రెండు సొరకాయలు పెట్టి, వీధిలో అటూ ఇటూ చూసి ఆటో ఎక్కాడు. గేటు దగ్గర నిలబడ్డ నాకు నవ్వాగలేదు. పాపం, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. దొంగసొత్తు మోసేవాడు కూడా అంత హైరానా పడడు.

నవ్వు ఆగాక నాకు అవ్వ గుర్తొచ్చింది. ఆటో వెళ్లిపోయినా చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాద్దామన్నా, ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ అవ్వే, నాకూ అవ్వే. ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పెళ్లయిందో, మొగుడు ఎలా పోయాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒక వానాకాలంలో మొదలై చలికాలంతో ముగిసిన పరిచయం మాది. అయినా ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే, నా జీవితంలో నేను నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనుకున్న మనుషుల్లో ఆమె ముందుంటుంది.

అరవైల మొదట్లో సంగతి. నేను వికారాబాదులో ఒక చిన్న దవాఖానా ల్యాబులో పనిచేసేదాన్ని. హైదరాబాదులో శిక్షణ పూర్తి చేసుకుని కొత్తగా వచ్చాను. చేతికి గడియారం, ఒంటి మీద తెల్లకోటు, ముక్కు మీద కోపం. ల్యాబు అంటే పెద్దగా ఊహించుకోకండి. వరండా చివర ఒక గది, దానికొక కిటికీ, కిటికీ దగ్గర ఒక బల్ల. తాండూరు వైపు నుంచి వచ్చే రైలు ఆగిన కాసేపటికి వరండా అంతా నిండిపోయేది. అటు నుంచి వచ్చేవాళ్లలో రాళ్ల జబ్బు ఎక్కువ. నాపరాళ్ల గనుల్లో ఎండలో పని, తాగే నీళ్లు తక్కువ. మా డాక్టరుగారు ఒక్కోసారి విసుగొచ్చి, ఆ వైపు రాయి భూమిలో ఉండాల్సింది పోయి మనుషుల్లో ఉంటోందని అనేవారు.

అవ్వ మొదటిసారి వచ్చిన రోజు అందరిలా వరుసలో కూర్చోలేదు. సరాసరి నా కిటికీ దగ్గరికి వచ్చి, బల్ల మీదున్న సీసా ఒకటి తీసి వాసన చూసింది. కురుమోళ్ల ఇంటి మనిషి, గొర్రెల మంద ఉన్న సంసారం. భుజాన నల్ల గొంగడి, మోచేతుల దాకా పచ్చబొట్లు, మగవాళ్లను మించిన ఎత్తు. దేన్నైనా ముందు వాసన చూడటం ఆమె అలవాటు. మందు చీటీ ఇచ్చినా వాసన చూసేది, టీ గ్లాసు ఇచ్చినా చూసేది, ఒకసారి డాక్టరుగారు నాడి చూసి చెయ్యి వదిలాక తన మణికట్టును తానే వాసన చూసుకుంది. రెండో అలవాటు వేళ్లది. చేతిలో ఏమీ లేకపోయినా బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉండేవి. చిన్నప్పటి నుంచీ ఉన్ని వడికిన వేళ్లు మరి, ఊరికే ఉండమంటే ఉండవు.

సీసా అక్కడ పెట్టమని కసిరాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. నన్నూ, నా వెనకున్న అలమారునూ నింపాదిగా చూసి, "పోచమ్మను జూసిన, మైసమ్మను జూసిన. సీసాలమ్మను ఇప్పుడే జూస్తున్న," అంది. వరండాలో నవ్వులు. ఆ రోజు నుంచి దవాఖానాలో నా పేరు అదే అయింది. ఆయాలు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆమె వచ్చింది తన కోసం కాదు, కోడలి కోసం. కోడలు బొంరాస్‌పేట వైపు పిల్ల. తల్లి లేదు. బక్కగా, పెద్ద పెద్ద కళ్లతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్త వెనక నిలబడేది. అంతకు ముందు సంవత్సరం నడుం నొప్పితో మెలికలు తిరుగుతుంటే హైదరాబాదు తీసుకెళ్లారు. రాళ్లతో నిండిపోయిన ఒక మూత్రపిండాన్ని అక్కడ తీసేశారు. ఇప్పుడు మిగిలిన రెండోదాంట్లోనూ ఇసుకలాగా రాళ్లు కడుతున్నాయి. అదీ పోతే ఆ పిల్ల లేదు. కొడుకు గొర్రెలను తోలుకుని కన్నడం మాట్లాడే ఊళ్ల వైపు పోయి నెలలు దాటింది, కాబట్టి మంచికీ చెడుకీ అత్తే ఉంది.

డాక్టరుగారు అవ్వకు కూర్చోబెట్టి చెప్పారు. ఈ రాయి ఆక్సలేటు అనే ఒక ఉప్పుతో తయారవుతుంది. ఆ ఉప్పు రెండు దారుల్లో వస్తుంది. కొందరికి ఒంట్లోనే పుడుతుంది, దానికి మా దగ్గర మందు లేదు. కొందరికి తిండిలో నుంచి వస్తుంది, ఆ తిండి మానిపిస్తే రాయి ఆగిపోతుంది. ఏ దారో తెలియాలంటే ఒక పొద్దు నుంచి మరుసటి పొద్దు దాకా పోసిన మూత్రమంతా పట్టి, అందులో ఆ ఉప్పు ఎంత పోతోందో కొలవాలి. తర్వాత తిండి మార్చి మళ్లీ కొలవాలి. కొలిచేది హైదరాబాదులో, ఇక్కడి నుంచి పంపాలి. ఇంట్లో రోజూ తినేది తింటూ పట్టాలి కాబట్టి దవాఖానాలో ఉంచుకుని లాభం లేదు.

అవ్వ అంతా విని, రెండో దారి అయితే పిల్ల బతుకుతుందా అని అడిగింది. బతుకుతుందన్నారు. మొదటిదైతే అని అడిగింది. డాక్టరుగారు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

"పొట్టేలుకు ఉచ్చ బందైతే ఎట్ల సస్తదో నేను జూసిన సారూ," అంది అవ్వ. "నాకు దాపెట్టకుండ్రి. ఎట్ల పట్టాల్నో జెప్పుండ్రి, పడ్త."

ఎలా పట్టాలో చెప్పడం నా పని. పొద్దున లేవగానే మొదటిసారి పోసింది పారబోయాలి, అప్పటి నుంచి లెక్క మొదలు. తర్వాత పగలూ రాత్రీ ఎన్నిసార్లు పోసినా ఒక్క చుక్క బయట పోకుండా సీసాలో పడాలి. మర్నాడు అదే వేళకు పోసింది కూడా కలిపి మూత పెట్టెయ్యాలి. మొదటిది ఎందుకు పారబోయాలని ఆమె నిలదీసింది. అది రాత్రంతా తయారై ఉన్నది, నిన్నటి లెక్కలోది అని చెప్పాను. వెంటనే అర్థం చేసుకుంది. నిన్నటి పాలు ఇయ్యాల్టి పాలల్ల కలిపితే ఇయ్యాల గొర్రె ఎంత ఇచ్చిందో ఎట్ల తెలుస్తదని తనే కోడలికి తిరగ చెప్పింది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ నేల చూస్తోంది. అవ్వ దాని గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "గొర్రె తన పిల్లను దేంతోని గుర్తువడ్తది? ఉచ్చ వాసనతోనే గద. దాంట్ల సిగ్గేంది?"

సీసా అడుగున కొంచెం యాసిడ్ పోసి ఇచ్చాను. అది లేకపోతే ఆ ఉప్పు గడ్డకట్టి సీసా గోడలకు అంటుకుపోతుంది, అప్పుడు లెక్క తక్కువ చూపిస్తుంది. ఇది మందు, చెయ్యి కాలుతుంది, ఇది తీసెయ్యకూడదు అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. తలూపింది. మూత తీసి వాసన చూసి, కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకుని వెళ్లింది.

మూడో రోజు పొద్దున తాండూరు బండి వచ్చాక బజారులో ఏదో సందడిగా ఉందని ఆయా వచ్చి చెప్తే వరండాలోకి వెళ్లాను. అవ్వ వస్తోంది. నెత్తిన గంప, గంప నిండా తెల్ల ఉన్ని, ఉన్ని మధ్యలో మా గోధుమరంగు గాజు సీసా మెడ దాకా కనపడుతూ. చెయ్యి కూడా పట్టలేదు. స్టేషన్ నుంచి దవాఖానా దాకా ఉన్న ఆ తోవలో కిరాణా కొట్టు సేటు, టీ హోటల్ సాయబు, అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్తూ వచ్చింది, మా కోడలి ఉచ్చ, పరీక్షకు తీస్కపోతున్న అని. సేటు పక్కకు తప్పుకున్నాడు. ఆమె తలకాయ ఇంత కూడా వంగలేదు. దేవర బోనమెత్తిన మనిషి నడక ఎలా ఉంటుందో అలా ఉంది.

గంప దించాక రైలు ముచ్చట కూడా చెప్పింది. పెట్టెలో ఒకాయన అది తేనె అనుకుని ధర అడిగాడట. సంగతి చెప్పేసరికి ఆ పక్కనున్నవాళ్లందరూ లేచి ద్వారం దగ్గరికి పోయారట. "సీటు మస్తుగ దొరికింది బిడ్డా, కాళ్లు జాపుకుని వచ్చిన," అంది.

సీసాలో లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడలేదు. ఇంకోటి ముంచాను, అదీ నీలంగానే ఉంది. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. యాసిడ్ ఏం చేశావని అడిగాను. ఆమె చాలా గర్వంగా చెప్పింది. సీసా దవాఖానాది. అంతకు ముందు ఎవరెవరివి పట్టారో తెలియదు. ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన గిన్నెను కడగకుండా వాడటం వాళ్లింట్లో లేదు. కానీ మందు తీసెయ్యొద్దని నేను చెప్పాను కదా, అందుకని మందును జాగ్రత్తగా ఒక గిన్నెలోకి వంచిపెట్టి, సీసాను బూడిద వేసి మూడు నీళ్లతో కడిగి, మళ్లీ ఆ మందును చుక్క పోకుండా సీసాలో పోసింది. వంచిపెట్టిన గిన్నె ఏదంటే, గొర్రెపిల్లలకు ఉప్పునీళ్లు పెట్టే రాతిగిన్నె. తాండూరు నాపరాతిని తొలిచి చేసింది.

"మందు మంచి జోరు మీదున్నది బిడ్డా. గిన్నెల పోస్తే బుస్సుబుస్సున పొంగింది. పొంగు తగ్గినంక పోసిన," అంది.

నాపరాయి అంటే సున్నపురాయే. యాసిడ్ పడితే పొంగక ఏం చేస్తుంది. యాసిడ్ అంతా ఆ రాతిని తిని చచ్చి ఊరుకుంది, పైగా రాతిలోని సున్నమంతా సీసాలోకి వచ్చింది. ఆ మూత్రంలో ఉన్న ఆక్సలేటు మొత్తం ఆ సున్నాన్ని పట్టుకుని అడుక్కి దిగిపోయింది. అంత శ్రమా వృథా. నేను గట్టిగానే కేకలేశాను. వరండా అంతా విన్నది. వేరే ఎవరైనా అయితే ఏడ్చేవాళ్లు, లేదా ఆ పిల్ల మీద నెట్టేసేవాళ్లు. అవ్వ నా చేతిలోని లిట్మస్ కాగితం తీసుకుని వాసన చూసింది. వేళ్లు రెండూ రాసుకుంటూ కాసేపు నిలబడింది.

"తప్పు నాదే. ఇంకో సీస ఇయ్యి," అంది. నేను సీసా తీసి యాసిడ్ పొయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు నా ముంగట కడుగు. అప్పుడు పొయ్యి."

కడిగాను. ఆమె చూస్తుండగా మూడు నీళ్లతో కడిగాను.

ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని డాక్టరుగారు నన్నే ఒక రోజు వాళ్ల ఊరికి వెళ్లి చూసి రమ్మన్నారు. గొణుక్కుంటూ బయల్దేరాను. ఊరు తాండూరుకు ఇవతల, రైలుపట్టాలకు దగ్గరగానే ఉంటుంది. చిన్న స్టేషను. నేను దిగగానే అక్కడి స్టేషన్ మాస్టరు, ఒక పెద్ద వయసు సాయబు, దవాఖానా అమ్మ మీరేనా అని నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన చెప్పిన సంగతి ఇది. అవ్వ ఇంట్లో గడియారం లేదు. మొదటిసారి పొద్దుటి బండి కూత విని లెక్క మొదలుపెట్టింది, మర్నాడు ఆ బండి ఆలస్యంగా వచ్చింది. అందుకని ఈసారి ముందుగానే వచ్చి, నీ బండిని నమ్మేటట్టు లేదు, నీ గోడ గడియారాన్ని నమ్ముత అని ఆయనతో ఒప్పందం చేసుకుందట. పొద్దున ఆరింటికి బండి వచ్చినా రాకపోయినా ప్లాట్‌ఫారం మీద గంటకు బదులు వేలాడే రైలుపట్టా ముక్కను ఆయన గట్టిగా కొట్టాలి. మర్నాడు ఆరింటికి మళ్లీ కొట్టాలి. నౌకరీలో చేరినప్పటి నుంచి ఎందరో ఆఫీసర్ల కోసం గంట కొట్టానని, ఇలాంటి పనికి కొట్టడం ఇదే మొదలని ఆయన అన్నాడు. ఆ పొద్దున కొట్టాడు కూడా.

ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో తాగునీళ్ల కుండ ఉంది, ఎండ పడకుండా గోనె కప్పి. లోపల మూలన, తడి ఇసుక పోసి ఆ కుండను ఎప్పుడూ ఉంచే చోట, మా సీసా కూర్చుని ఉంది. సీసాను చల్లటి చోట పెట్టాలని నేను చెప్పాను. ఆ ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. అవ్వ తోటికోడలు గడప అవతలే నిలబడి, ఇల్లు మైల చేశావని, ఆ మూలన ఇక కుండ ఎలా పెడతావని గొణుగుతోంది. నన్ను చూసి ఇంకాస్త గట్టిగా అంది. అవ్వ ఆమె వైపు తిరగను కూడా తిరగలేదు. నీళ్లు వేడిగున్నా తాగుతం, దీనికే చల్లదనం కావాలె అని మాత్రం అంది.

సీసా పక్కన ఒక ఇత్తడి చెంబు బోర్లించి ఉంది. ఆ పిల్ల పోసేది అందులో, అక్కడి నుంచి సీసాలోకి. చెంబు చుట్టూ తీగలు చెక్కి ఉన్నాయి, పాతకాలపు పనితనం. అది అవ్వ పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన చెంబట. మట్టి ముంత ఉంది కదా అన్నాను. ముంత నీళ్లు తాగుతుంది, రేకు డబ్బా కారుతుంది, ఇత్తడి ఏదీ ఉంచుకోదు అంది. తర్వాత చింతపండు పెట్టి తోముకుంటే సరిపోతుందని ఎంతో మామూలుగా చెప్పింది. నేను చదువుకున్న పుస్తకాల్లో మూత్రం పట్టే విధానం ఉంది కానీ, పుట్టింటి చెంబు తీసి కోడలి కాళ్ల దగ్గర పెట్టే అత్త గురించి లేదు. నా గొణుగుడు అక్కడితో ఆగిపోయింది.

ఆ రోజంతా ఆమె ఆ పిల్లను వదల్లేదు. చేను వైపు పోనియ్యలేదు, పక్కింటికి పోనియ్యలేదు. చెంబులోంచి సీసాలోకి తనే వంచేది, వంచేటప్పుడు ఊపిరి బిగబట్టేది. చివరి చుక్క పడేదాకా చెంబును అలాగే వంచి పట్టుకునేది. ఆ తర్వాత మూత బిగించి, చెయ్యి కడుక్కుని, మళ్లీ ఉన్ని ముందేసుకుని కూర్చునేది.

మధ్యాహ్నం తినడానికి పిలిచింది. జొన్నరొట్టెలు, గంగవాయిలి కూర పప్పు. నాకు పెట్టింది. కోడలికి మాత్రం రొట్టె కనపడకుండా కూర పెట్టింది, పప్పు తక్కువ, ఆకు ఎక్కువ. తను కారం నంజుకుని తింటోంది. నీకేదని అడిగితే, ఉన్నదంతా దానికే అంది. ఆ పిల్ల కాపురానికి వచ్చినప్పుడు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండేదట. తల్లిలేని పిల్ల, ఎవరు పెట్టారో ఎవరు పెట్టలేదో. ఆకుకూర తింటే రక్తం పడుతుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఈమె రోజూ పొద్దున్నే గట్ల వెంట తిరిగి, గంగవాయిలి కూర దొరికితే అది, లేకపోతే తోటకూర, ఒడి నిండా కోసుకొచ్చి దానికి వండి పెడుతోంది. ఆపరేషన్ అయినంక ఇంకింత ఎక్కువ పెడ్తున్న అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆక్సలేటు ఎక్కువుండే ఆకుల పేర్లు డాక్టరుగారి నోటి నుంచి నేను విని ఉన్నాను. గంగవాయిలి కూర వాటిలో మొదటిది. ఎదురుగా ఆ పిల్ల బుద్ధిగా ఆ కూరంతా తింటోంది, అవ్వ అది తింటుంటే చూసి సంబరపడుతోంది. రోజూ తినేదే తింటూ పట్టమని కదా డాక్టరుగారు చెప్పింది, అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. ఏం కోరుకోవాలో నాకు తోచలేదు. ఉప్పు ఒంట్లోనే పుడుతోందని తేలితే ఆ పిల్ల చచ్చిపోతుంది. తిండిలోంచే అని తేలితే, పోయిన ఆ మూత్రపిండం ఎవరి చేతి కూర వల్ల పోయిందో ఈమెకు తెలుస్తుంది. సాయంత్రం బండిలో వికారాబాదు వచ్చేశాను.

మర్నాడు గంట కొట్టాక మూత పెట్టిన సీసాతో అవ్వ వచ్చింది. లిట్మస్ ఎర్రబడింది. సీసా హైదరాబాదు వెళ్లింది. కొన్ని వారాలకు కబురొచ్చింది, ఉప్పు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువగా ఉందని. డాక్టరుగారు ఆకుకూరలన్నీ మానిపించి, మజ్జిగ పొయ్యమని, నీళ్లు బాగా తాగించమని, కొన్నాళ్లయ్యాక మూడోసారి పట్టి తెమ్మని చెప్పారు. ఎందుకని అవ్వ అడిగితే పరీక్ష కోసం అన్నారు. ఆమె ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది, ఇంకేమీ అడగలేదు. చలి మొదలయ్యాక మూడో సీసా వచ్చింది. ఆ సీసా కూడా గంపలో, ఉన్నిలో, నెత్తిమీదే వచ్చింది. అప్పటికి బజారులో ఎవరూ అడగడం లేదు, దారిచ్చేవాళ్లు.

ఆ మూడోదాని జవాబు వచ్చిన రోజు డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఉప్పు తగ్గింది. ఒంట్లో పుట్టేది కాదు, తిండిలోదే. ఆయన మొహం వెలిగిపోతోంది. ఒక్క నిమిషమే. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆమెకెవరు చెప్తారు అన్నారు. ఆకుకూర ఆ పిల్ల ఒంటికి పడదని చెప్పి ఊరుకుంటే పోలేదా, పోయిన మూత్రపిండం సంగతి ఎత్తడం ఎందుకు అన్నారు. నాకూ అదే మేలనిపించింది. నువ్వే చెప్పు, నా మొహం చూస్తే ఆమె కనిపెట్టేస్తుంది అన్నారు. పెద్ద డాక్టరు, ఎంతమందికో చావు కబుర్లు చెప్పినాయన, ఈ మంచి కబురు చెప్పలేక కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

అవ్వను ల్యాబులోకి పిలిచి స్టూలు వేశాను. కూర్చోలేదు.

"ఒంట్ల పుడుతున్నదా, తిండిల నుంచి వస్తున్నదా?" అంది.

"తిండిలోంచే అవ్వా. ఒంట్లో పుట్టడం లేదు."

"ఏ తిండి?"

ఆకుకూరలు ఆ అమ్మాయికి పడవని మెల్లగా మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. వేళ్లు రాసుకోవడం ఆగిపోయింది. వాటిని కదలకుండా నేను చూడటం అదొక్కసారే.

"గంగవాయిలి కూరనా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. ఆ కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను. అవునన్నాను.

"మొదటిది పోయింది గూడ దాంతోనేనా?"

"అయి ఉంటుంది అవ్వా."

ఆమె గోడకు చెయ్యి ఆనించింది. పడిపోతుందేమోనని లేచాను. పడలేదు. ఛాతీ నిండా గాలి పీల్చి వదిలింది, ఎన్నో నెలల నుంచి బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు. ఆ మొహంలో నేను దుఃఖం కోసం వెతుకుతున్నాను. ఉంది, లేదని చెప్పను. కళ్లు నిండాయి. కానీ దుఃఖాన్ని పక్కకు నెట్టుకుని ఇంకేదో పైకి వస్తోంది. అది సంతోషమని తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

"దేవుడు పెట్టిందైతే నేనేం జేద్దును బిడ్డా," అంది. "ఏ గుట్ట ఎక్కి ఎవరి కాళ్లు మొక్కుదును. నేను పెట్టిందైతే నేను ఆపుత. గంతే గద."

ఒక మనిషి తన తప్పును శుభవార్తలా అందుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎన్ని రకాల ధైర్యాలు ఉంటాయో చదివాను, విన్నాను. తన చేత్తో జరిగిన కీడు ఎంతదైనా సరే, పిల్ల బతికే దారి అందులోంచే ఉందని తెలియగానే తన సంగతి పూర్తిగా మర్చిపోయే ధైర్యానికి ఏం పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు. నాకు ఆమె కాళ్లు ముట్టుకోవాలనిపించింది. వెనకాల తలుపు దగ్గర డాక్టరుగారు నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో.

అవ్వ కళ్లు తుడుచుకుని వరండాలోకి నడిచింది. మేమిద్దరం వెనకే వెళ్లాం. తాండూరు బండి దిగిన జనంతో వరండా కిక్కిరిసి ఉంది. బెంచీ చివర కోడలు కూర్చుని అత్త మొహమే చూస్తోంది, ఏ మాట వినాల్సి వస్తుందోనని. అవ్వ గొంతు తగ్గించలేదు, పిల్లను చాటుకు తీసుకుపోలేదు.

"ఓ పిల్లా, నీకు రాళ్లు బెట్టింది నేనేనంట. రోజు ఒడి నిండ కోసుకొచ్చి, నీకు రక్తం పడ్తదని నేనే వండిపెట్టిన. ఇగ పెట్ట. నువ్వు బతుకుతవ్."

ఆ పిల్ల ముందు నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. అది లేచి వచ్చి అత్త గొంగడిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అవ్వ దాని వీపు నిమురుతూ చాలాసేపు అలాగే నిలబడింది.

"లే బిడ్డా, బండికి పోదాం," అంది చివరికి. "ఇంటికి పోయి నేను మల్ల మొదటి నుంచి వంట నేర్చుకోవాలె."